డ్రాయింగ్ రాకపోయినా ప్రొడక్ట్ డిజైన్ తీసుకోవచ్చా? తీసుకున్నాక ఆ రెండేళ్లు ఎలా చదవాలి?

మీ ప్రశ్నలో మూడు సందేహాలు కనిపిస్తున్నాయి. స్కూలు చివరి రెండేళ్లకు ప్రొడక్ట్ డిజైన్ అండ్ టెక్నాలజీ తీసుకోవాలని ఉంది కానీ బొమ్మలు వేయడం రాదు, పెద్ద ప్రాజెక్టుకు ఏ వస్తువు ఎంచుకోవాలో తెలియడం లేదు, ఇంట్లోవాళ్లేమో ఇది చేతిపనుల సబ్జెక్టు, దీంతో ఏం వస్తుంది అంటున్నారు. నేను ఈ సబ్జెక్టు చాలా ఏళ్లుగా చెబుతున్నాను, పిల్లల ఫోలియోలు, అంటే ప్రాజెక్టు పనంతా రాసి, గీసి చూపించే పేజీలు, దిద్దుతున్నాను. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు డ్రాయింగ్ సంగతి తేల్చేద్దాం. దీనికి భయపడి ఈ సబ్జెక్టు వదిలేసిన పిల్లల్ని చాలామందిని చూశాను, చూసిన ప్రతిసారీ బాధనిపిస్తుంది. ఇక్కడ అందమైన బొమ్మ ఎవరూ అడగరు. మీ తలలో ఉన్న ఆకారం మీ టీచర్‌కి, వర్క్‌షాపులో టెక్నీషియన్‌కి, కొన్ని వారాల తర్వాత మళ్లీ మీకు అర్థమైతే చాలు. ఐసోమెట్రిక్ గీత నేర్చుకోండి: నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి, మిగతా రెండు వైపుల గీతలూ అడ్డగీతకు 30 డిగ్రీల కోణంలో పోతాయి. ఏ వస్తువునైనా ముందు ఒక పెట్టెలాగా పల్చటి గీతలతో గీసి, అందులోంచి అక్కర్లేని భాగం తీసేస్తూ పోతే అసలు ఆకారం బయటపడుతుంది. ఐసోమెట్రిక్ గడుల కాగితం పెట్టుకుని రోజూ చేతికందిన వస్తువు ఒకటి, స్టేప్లరో, చెంచానో, చార్జరో, గీస్తూ ఉంటే కొన్ని వారాల్లోనే చెయ్యి తిరుగుతుంది. బయటి అంచు మందంగా, లోపలి గీతలు సన్నగా గీస్తే చాలు, బొమ్మకు ఎంత స్పష్టత వస్తుందో మీరే చూస్తారు. ఇక వర్కింగ్ డ్రాయింగ్ అంటారా, అది పూర్తిగా నియమాల మీద నడుస్తుంది: ముందు నుంచి, పైనుంచి, పక్కనుంచి చూసిన మూడు దృశ్యాలు, కొలతలు మిల్లీమీటర్లలో. ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో పైనుంచి చూసిన దృశ్యాన్ని ముందు దృశ్యానికి కింద గీస్తారు, థర్డ్ యాంగిల్‌లో పైన గీస్తారు. మీ బోర్డు ఏది అడుగుతుందో చూసుకుని దానికే అలవాటు పడండి. జామెట్రీ బాక్సు వాడగలిగినవాళ్లందరికీ ఇది వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ సబ్జెక్టులో మార్కులు ఎక్కడుంటాయో చాలామందికి చివరిదాకా తెలియదు. ఇంగ్లండ్‌లో స్కూలు చివరి రెండేళ్ల ఏ-లెవెల్ ప్రొడక్ట్ డిజైన్‌లో సగం మార్కులు రాతపరీక్షలకి, మిగతా సగం విద్యార్థి సొంతంగా చేసే ప్రాజెక్టుకి. మిగతా బోర్డుల్లో లెక్క వేరుగా ఉన్నా ప్రాజెక్టు వాటా పెద్దదే. అయితే ఆ ప్రాజెక్టులో చివరికి తయారైన వస్తువుకు దక్కేది ఒక ముక్క మాత్రమే. మిగిలినదంతా మీరు సమస్యను ఎలా పట్టుకున్నారు, ఎవరితో మాట్లాడారు, ఎన్ని దారులు ఆలోచించారు, ఏ కారణంతో ఏది వదిలేశారు, పరీక్షించి చూసి ఏం మార్చారు అన్నదానికి. అంటే నిర్ణయాలకీ, వాటి వెనకున్న సాక్ష్యానికీ. మెరిసిపోయే టేబుల్ తెచ్చి సగటు మార్కులతో సరిపెట్టుకున్న పిల్లలూ ఉన్నారు, కాస్త వంకరగా అతికిన చిన్న వస్తువు చూపించి పై గ్రేడు తెచ్చుకున్న పిల్లలూ ఉన్నారు. రెండో రకం ఫోలియో చదువుతుంటే పేజీ పేజీకీ ఒక మనిషి ఆలోచించడం కనిపిస్తుంది.

అందుకే "ఏ వస్తువు చేయాలి" అన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. ఎవరి ఇబ్బంది అన్నదాంతో మొదలుపెట్టండి. "టేబుల్ ల్యాంపు చేస్తాను" అని మొదటి రోజే అనేసుకుంటే ఆ తర్వాత రాసే పరిశోధన అంతా ఆ నిర్ణయాన్ని సమర్థించుకోవడానికే అవుతుంది, దిద్దేవాళ్లకు అది రెండో పేజీలోనే తెలిసిపోతుంది. మీరు వారానికి ఒకసారైనా కలవగలిగే, మొహమాటం లేకుండా "ఇది నాకు పనికిరాదు" అని చెప్పగలిగే మనిషిని వెతకండి. క్లయింట్‌గా మీ ప్రాణ స్నేహితుణ్ని పెట్టుకుంటే ప్రతిదానికీ బాగుందంటాడు, దాంతో మీకు ఒక్క మార్కూ రాదు. కాస్త వయసు మళ్లినవాళ్లు, చిన్నపిల్లల్ని చూసుకునేవాళ్లు, ఒక చేత్తోనే పని చేసుకోవాల్సినవాళ్లు, ఏదో ఒక ఆటనో వాయిద్యాన్నో గట్టిగా పట్టుకున్నవాళ్లు మంచి క్లయింట్లు. ఎందుకంటే వాళ్ల ఇబ్బందికి ఒక ఆకారం ఉంటుంది, దాన్ని కొలవొచ్చు.

ఒక ఉదాహరణ అనుకుందాం. చేతివేళ్ల కీళ్లనొప్పులున్న ఒక పెద్దావిడ తన ఇంటి తాళం తిప్పలేకపోతోంది. చాలా చిన్న సమస్య. కానీ లోపలికి వెళ్లి చూడండి. తాళంచెవి తలను వేళ్లతో పట్టుకున్నప్పుడు తిరిగే మధ్య బిందువు నుంచి వేలికి దూరం 12 మిల్లీమీటర్లు అనుకుంటే, దానికి 60 మిల్లీమీటర్ల పిడి తగిలిస్తే అదే తాళానికి ఐదో వంతు బలం చాలు. ఇది ఫిజిక్స్‌లో మీరు చదివిన టార్కే, ఇప్పుడు దాన్ని ఒక స్ప్రింగ్ త్రాసుతో కొలిచి ఫోలియోలో పెట్టొచ్చు. మరి పిడి పొడుగైతే జేబులో పట్టదు, చేతిసంచిలో గుచ్చుకుంటుంది. అందుకని మడిచే పిడి ఆలోచిస్తారు. మడిచేదానికి మడత బందు కావాలి, దాన్ని తెరవడానికే నొప్పివేళ్లకు మళ్లీ కష్టమవుతుంది. పిడి ఎంత లావుండాలి? ఆవిడ పిడికిలి పూర్తిగా ముడవలేదు కాబట్టి సన్నటిది పనికిరాదు. రాత్రిపూట తాళం రంధ్రం కనబడకపోతే? ఇంట్లో నాలుగు తాళంచెవులుంటే ఏది ఏదో చేత్తో తడిమి ఎలా తెలుసుకోవాలి? చూశారా, అరచేతిలో పట్టే వస్తువులో ఒకదానితో ఒకటి పోట్లాడుకునే అవసరాలు ఇన్ని ఉన్నాయి. ఆ పోట్లాటల్ని మీరు ఎలా తీర్చారన్నదే డిజైన్. పెద్ద బీరువా చేసినా ఇంత సరుకు దొరక్కపోవచ్చు, పైగా దాని చెక్క కోయడానికే మీ టైమంతా పోతుంది.

ఇదే దారిలో పుట్టిన అసలు వస్తువు ఒకటి చెబుతాను. సామ్ ఫార్బర్ అనే వ్యాపారి భార్య బెట్సీకి ఆర్థరైటిస్ ఉండేది, కూరగాయల తొక్క తీసే పీలర్ పట్టుకోవడం ఆవిడకు కష్టమయ్యేది. దాంతో ఆయన స్మార్ట్ డిజైన్ అనే సంస్థతో కలిసి లావుగా, మెత్తటి రబ్బరులాంటి పదార్థంతో పిడి తయారు చేయించాడు. 1990లో ఓక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. నొప్పి లేనివాళ్లు కూడా అదే కొనుక్కున్నారు. అందరినీ కలుపుకునే డిజైన్ గురించి పరీక్షలో ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ రాయొచ్చు. మీ ప్రాజెక్టుకు మాత్రం ఇంకా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఒక్క మనిషి ఇబ్బందిని దగ్గరగా చూస్తే ఎంతమందికి పనికొచ్చే వస్తువు వస్తుందో ఇందులో కనిపిస్తుంది.

పరిశోధన పేరుతో పిల్లలు చేసే పని నాకు అస్సలు నచ్చదు. నెట్‌లోంచి ఫొటోలు తెచ్చి అతికించిన మూడ్ బోర్డు, "మీకు ఏ రంగు ఇష్టం" అని ఇరవైమందిని అడిగిన ప్రశ్నావళి, దానికో గుండ్రటి పై చార్టు. వీటివల్ల మీ డిజైన్లో ఏ గీత మారింది? ఏదీ మారకపోతే ఆ పేజీ దండగ. దానికి బదులు మీ క్లయింట్ ఆ పని చేస్తుండగా పక్కన కూర్చుని చూడండి, వీలైతే అనుమతి తీసుకుని చేతుల వీడియో తీయండి. నోటితో ఒకటి చెబుతారు, చేతులు ఇంకొకటి చేస్తుంటాయి. మార్కెట్లో ఉన్న అలాంటి వస్తువు ఒకటి సంపాదించి విప్పి చూడండి, ఎక్కడ అరిగింది, ఎక్కడ మురికి పేరుకుంది, ఏ స్క్రూ అందడం లేదు అని రాసుకోండి.

కొలతల దగ్గర ఒక మాట. సగటు మనిషి కోసం డిజైన్ చేస్తే చాలు అనుకుంటారు. అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకుని, కాక్‌పిట్‌కు ముఖ్యమైన 10 కొలతల్లో అన్నింటా సగటుకు దగ్గరగా ఎంతమంది ఉన్నారో చూశాడు. ఒక్కరూ లేరు. ఆ నివేదిక 1952లో వచ్చింది. సర్దుకునే సీట్లు, పెడల్స్ ఎందుకు కావాలో అర్థమయ్యేది ఇక్కడే. అందుకే పర్సెంటైల్ లెక్కలు వాడతాం (95వ పర్సెంటైల్ అంటే వందమందిలో 95 మంది కొలత దానికంటే తక్కువ): దూరిపోవాల్సిన చోట, అంటే తలుపు ఎత్తు, కుర్చీ వెడల్పు లాంటివి, పెద్ద శరీరాన్ని, 95వ పర్సెంటైల్‌ని చూస్తాం, అందుకోవాల్సిన చోట, అంటే పై అర లాంటివి, చిన్న శరీరాన్ని, 5వ పర్సెంటైల్‌ని చూస్తాం. మీ డిజైన్లో ప్రతి ముఖ్యమైన కొలత పక్కనా అది ఎక్కడినుంచి వచ్చిందో ఒక ముక్క రాయండి. "పిడి వ్యాసం 35" అని రాస్తే అది అంకె మాత్రమే. "మూడు లావుల్లో మట్టి పిడులు చేసి పట్టించి చూశాను, 35 దగ్గర బొటనవేలు నొప్పి లేదన్నారు" అని రాస్తే అది సాక్ష్యం.

స్పెసిఫికేషన్, అంటే వస్తువు ఏం చేయగలగాలో రాసే జాబితా, కూడా అంతే. దృఢంగా ఉండాలి, అందంగా ఉండాలి, పర్యావరణానికి మేలు చేయాలి అని రాస్తే చివర్లో పరీక్షించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. 8 కిలోల బరువు పెట్టినప్పుడు షెల్ఫు 2 మిల్లీమీటర్లకు మించి వంగకూడదు, రెండు నిమిషాల్లో పనిముట్లు లేకుండా విప్పగలగాలి, తడి గుడ్డతో 50 సార్లు తుడిచినా పెయింటు పోకూడదు, ఇలా రాయండి. ఇప్పుడు చివరి మూల్యాంకనం దానంతట అదే తయారవుతుంది. ప్రతి పాయింటుకూ పరీక్ష, ఫొటో, ఫలితం. ఏదైనా తప్పితే దాచొద్దు. ఎందుకు తప్పిందో, ఎలా మార్చాలో గీసి చూపిస్తే తప్పిన పరీక్షకే ఎక్కువ మార్కులు పడతాయి.

మోడళ్ల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మొదటి వారంలోనే అట్టముక్కతో, టేపుతో, ఫోమ్‌తో, బంకమట్టితో ఏదో ఒకటి చేసేయాలి. ముతకగా ఉండాలి కూడా, ఎందుకంటే ముతక మోడల్ చూస్తే మనుషులు నిజం చెబుతారు, నునుపుగా పెయింటు వేసింది చూస్తే పాపం కష్టపడ్డాడు అని మెచ్చుకుంటారు. స్క్రీన్ మీద చూస్తే ఏ వస్తువైనా బాగానే ఉంటుంది, బరువుండదు, చెయ్యి ఉండదు. క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) నేర్చుకోవడం తప్పనిసరి, సందేహం లేదు, కానీ నిజమైన సైజులో అట్టతో ఒకటి చేశాకే కంప్యూటర్ ముందు కూర్చోండి. జేమ్స్ డైసన్ సంచి లేని వాక్యూమ్ క్లీనర్ కోసం 1979 నుంచి 1984 వరకు 5,127 ప్రోటోటైపులు (ప్రయోగ నమూనాలు) చేశాడు. ఈ అంకె అందరూ ఆయన పట్టుదలకు గుర్తుగా చెప్పుకుంటారు, అందులో పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆయన ఒక్కసారికి ఒక్క మార్పే చేసేవాడు, అందుకే దేనివల్ల ఫలితం మారిందో తెలిసేది. మీరు మూడు మోడళ్లే చేసినా ఇదే పద్ధతిలో చేయండి. పిడి లావు, పొడవు, పదార్థం మూడూ ఒకేసారి మార్చేసి "ఇది బాగుంది" అంటే ఏది బాగుందో ఎవరికీ తెలియదు.

ఇక తయారీ. లేజర్ కట్టర్, త్రీడీ ప్రింటర్ స్కూల్లో ఉంటే సంతోషం, కానీ వాటి స్వభావం తెలుసుకుని వాడండి. లేజర్ కొంత పదార్థాన్ని కాల్చేస్తుంది, కాబట్టి 3 మిల్లీమీటర్ల గాడి గీసి 3 మిల్లీమీటర్ల పలక దూరుస్తానంటే వదులవుతుంది. అసలు ముక్కలు కోసే ముందు అదే పలక మీద కొద్దికొద్దిగా తేడా ఉన్న గాడులు కోసి ఏది బిగువుగా పడుతుందో చూసుకోవాలి, ఆ పరీక్ష ముక్క ఫొటో కూడా ఫోలియోలో పెట్టాలి. పీవీసీ ఎట్టి పరిస్థితుల్లోనూ లేజర్ కింద పెట్టకూడదు, హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది, అది ఊపిరితిత్తులకూ మెషీన్‌కూ ప్రమాదం. ఏ ప్లాస్టిక్కో తెలియని ముక్కను కూడా పెట్టొద్దు. త్రీడీ ప్రింట్ పొరలు పొరలుగా పేరుతుంది, ఆ పొరల మధ్య అతుకే దాని బలహీనత, అందుకే లోడు పడే దిశ చూసి ఎలా పడుకోబెట్టి ప్రింట్ చేయాలో నిర్ణయించాలి. 45 డిగ్రీలకు మించి బయటకు వాలే భాగాలకు సాధారణంగా సపోర్టు కావాలి. త్రీడీ ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారులో ఉండే వస్తువుకు అది పనికిరాదు. ఇలాంటి ఒక్క వాక్యం కారణంతో సహా రాస్తే పదార్థాల ఎంపిక పేజీకి బలం వస్తుంది.

చెక్కతో పని చేస్తే ఒక్క విషయం జీవితాంతం గుర్తుపెట్టుకోండి: గాలిలో తేమ మారినప్పుడు చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, నార వెంట దాదాపు కదలదు. అందుకే వెడల్పాటి చెక్క పలకను చుట్టూ జిగురుతో ఫ్రేముకు బిగించేస్తే కొన్నాళ్లకు పగులుతుంది. పలకకు కదలడానికి చోటివ్వాలి, స్క్రూ రంధ్రాన్ని పొడుగాటి గాడిలా చేస్తే సరిపోతుంది. ప్లైవుడ్‌లో పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికించేది ఈ కదలికను అణచడానికే. చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసే ఎమ్‌డీఎఫ్‌ పలకలో నార ఉండదు, నునుపుగా వస్తుంది, కానీ అంచులో స్క్రూ పెడితే విచ్చుకుంటుంది, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, దుమ్ము చాలా సన్నం కాబట్టి మాస్కు, దుమ్ము లాగే మెషీన్ లేకుండా కోయకూడదు. శాండ్ పేపరు 80 నంబరుతో (నంబరు పెరిగేకొద్దీ నునుపు) మొదలుపెడితే 120, 180, 240 వరకు మెట్టు మెట్టుగా వెళ్లాలి, మధ్యలో ఒకటి వదిలేస్తే గీతలు పాలిష్ వేశాక బయటపడతాయి, అప్పుడు చేసేదేమీ ఉండదు.

టైము దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. జిగురు ఆరాలి, పెయింటు ప్రతి పూతకూ ఆరాలి, తెప్పించిన కీలు రాలేదు, లేజర్ కట్టర్ దగ్గర క్లాసంతా క్యూలో ఉంది, చివరి నెలలో ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. కోయాల్సిన ముక్కల జాబితా, కొనాల్సిన సామాను జాబితా డిజైన్ ఖరారైన రోజే రాయండి. మీకు రాని పని ఏదైనా డిజైన్లో ఉంటే, వంకీ తిరిగిన అతుకో ఎలక్ట్రానిక్ సర్క్యూటో, దాన్ని ముందు చెత్త ముక్క మీద చేసి చూడండి. అది కుదరకపోతే డిజైన్ మార్చుకోవడానికి అప్పటికి ఇంకా వారాలుంటాయి.

ఫోలియో ఎప్పుడు రాయాలి అంటే, పని జరిగిన రోజే. ప్రతి సెషన్ చివర పది నిమిషాలు ఫొటో తీసి రెండు వాక్యాలు రాస్తే చాలు. ఆఖర్లో కూర్చుని అంతా ఒకేసారి రాసిన ఫోలియోలో ప్రతి నిర్ణయమూ సరైనదే అయి ఉంటుంది, ఎక్కడా తడబాటు కనిపించదు, చదివేవాళ్లకు నమ్మకం కలగదు. పేజీలు అలంకరించడానికి గంటలు పెట్టొద్దు, తెల్ల కాగితం, చదవగలిగే అక్షరాలు, పెద్ద ఫొటోలు చాలు. ఇప్పుడు ఏఐతో నిమిషంలో మెరుపు బొమ్మలు వస్తున్నాయి, వాటి విషయంలో మీ బోర్డు నియమం ముందు చదవండి. నియమం ఎలా ఉన్నా ఆ బొమ్మలో అతుకు ఎలా ఉంటుందో, గోడ ఎంత మందమో చెప్పలేకపోతే అది మీ డిజైన్ కాదు.

థియరీ విషయానికొస్తే, పుస్తకం బట్టీపట్టి ఈ పేపరు రాసేవాళ్లను చూస్తే జాలేస్తుంది, ఎందుకంటే సమాధానాలన్నీ చుట్టూ వస్తువుల్లోనే ఉన్నాయి. ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తీసుకోండి. చుట్టూ సన్నటి గీత ఉంటే అచ్చు రెండు భాగాలు కలిసిన చోటు. లోపల చిన్న చిన్న గుండ్రటి గుర్తులు పిన్నులు దాన్ని అచ్చులోంచి తోసిన చోట్లు. గోడలు కాస్త ఏటవాలుగా ఉంటాయి, అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి. గోడ లావుగా చేయకుండా పక్కటెముకల్లాంటి పట్టీలు ఎందుకు పెట్టారంటే, లావైన చోట ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి పైన గుంట పడుతుంది. త్రిభుజంలో 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, షాంపూ సీసా మూత అదే ముక్కలో కీలులా వేలసార్లు మడిచినా విరగకపోవడం దాని గుణమే. ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తి చేసే పద్ధతి) గురించి వచ్చే ప్రశ్నల్లో చాలాభాగం ఆ మూత చూసుకుంటూ రాసేయొచ్చు. అచ్చు తయారీ చాలా ఖరీదు, ఒక్కో ముక్క చాలా చవక, అందుకే లక్షల్లో చేస్తేనే గిట్టుతుంది అన్నది కూడా అక్కడినుంచే వస్తుంది. వంటగిన్నె పిడి వేడికి ఎందుకు కరగదు? అది థర్మోసెట్, ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ మెత్తబడదు, లియో బేక్‌లాండ్ 1907లో చేసిన బేకలైట్ ఆ జాతిదే.

చరిత్ర కూడా పేర్లు, తేదీలుగా చదవకండి, కారణాలుగా చదవండి. మైకేల్ థోనెట్ 1859 నాటి 14వ నంబరు కుర్చీని ఆవిరితో వంచిన ఆరు చెక్క ముక్కలతో, పది స్క్రూలు రెండు నట్లతో చేశాడు. విప్పేస్తే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఇందులో పదార్థం ఉంది, తయారీ ఉంది, రవాణా ఉంది, మరమ్మతు ఉంది, ఒక్క ఉదాహరణతో నాలుగు రకాల ప్రశ్నలకు జవాబు రాయొచ్చు. అలాంటివి ఓ ఎనిమిది పదింటిని క్షుణ్ణంగా తెలుసుకోండి. కావాలని ఆయుష్షు తగ్గించడం గురించి అడిగితే 1924లో బల్బుల కంపెనీలు కలిసి ఫీబస్ కార్టెల్‌గా ఏర్పడి బల్బు జీవితాన్ని 1,000 గంటలకు కట్టేసిన సంగతి రాయొచ్చు. సుస్థిరత మీద మీ సొంత ప్రాజెక్టులో కూడా ఆకుపచ్చ రంగు బొమ్మలు పెట్టకుండా, వస్తువు ఎలా విడిపోతుందో గీసి చూపించండి. స్క్రూతో బిగిస్తే పాడైన భాగం మార్చుకోవచ్చు, రెండు రకాల ప్లాస్టిక్కులు జిగురుతో అతికిస్తే రీసైకిల్ చేయడం కష్టం.

లెక్కలు తక్కువేమీ ఉండవు. ప్లైవుడ్ షీటు మామూలుగా 2440 × 1220 మిల్లీమీటర్లు ఉంటుంది. 400 × 300 ముక్కలైతే రంపం తినే 3 మిల్లీమీటర్లు పోను కూడా 24 వస్తాయి. అదే ముక్కను 410 × 305 చేస్తే ఎలా తిప్పి పేర్చినా 24 రావు, ఒకే దిశలో వరుసగా పేరిస్తే 15 మాత్రమే వస్తాయి. ఒక సెంటీమీటరు ఇష్టానికి ఎంత చెక్క పోతుందో చూడండి. ఇది లెక్కల ప్రశ్న, ఖర్చు ప్రశ్న, పర్యావరణం ప్రశ్న, మూడూ.

ఇంట్లోవాళ్ల సందేహం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. మీ ఉద్దేశం మెకానికల్ ఇంజనీరింగ్ లాంటిదైతే మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరిగా ఉండాలి, ఈ సబ్జెక్టు వాటికి తోడుగా ఉండాలి, వాటి బదులు కాదు. ఇండస్ట్రియల్ డిజైన్, ఆర్కిటెక్చర్ లాంటి వైపు వెళ్తే ఎన్నో కాలేజీలు పోర్ట్‌ఫోలియో అడుగుతాయి, ఈ రెండేళ్ల ఫోలియో అందులో సగం పని చేసిపెడుతుంది. మీరు చేరాలనుకునే కోర్సుల ప్రవేశ నియమాలు ఇప్పుడే తెరిచి, ఏ సబ్జెక్టులు అడుగుతున్నాయో ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, వాదించడం కంటే అది మేలు. చదువు ఏ వైపు పోయినా ఒక మనిషి ఇబ్బందిని చూసి, కొలిచి, దానికి ఏదో ఒకటి చేసి, అది పనిచేసిందో లేదో నిజాయితీగా చెప్పడం ఈ వయసులో నేర్పే సబ్జెక్టులు చాలా తక్కువ. నేను ఇన్నేళ్లుగా దీన్ని పట్టుకుని ఉన్నది అందుకే.

చివరగా, ఫారమ్ మీద సంతకం పెట్టే ముందు స్కూల్లో కొన్ని విషయాలు అడగండి. క్లాసు టైము కాకుండా వర్క్‌షాపు ఎప్పుడెప్పుడు తెరిచి ఉంటుంది, అక్కడ టెక్నీషియన్ ఉంటారా, సామాను ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ప్రాజెక్టు బ్రీఫ్ (తీర్చాల్సిన సమస్య) మీరే ఎంచుకోవచ్చా లేక బోర్డు ఇచ్చిన అంశాల్లోంచి తీసుకోవాలా. పోయినేడాది ఫోలియోలు రెండు చూపించమని అడగండి, ఒకటి మంచి గ్రేడు వచ్చింది, ఒకటి మధ్యరకం. మార్కుల పట్టిక పక్కన పెట్టుకుని ఏ పేజీకి ఎన్ని మార్కులు వచ్చి ఉంటాయో మీరే వేసి, తర్వాత టీచర్ వేసినవాటితో పోల్చి చూడండి. తేడా ఎక్కడ వచ్చిందో ఇక్కడ రాస్తే దాని గురించి మాట్లాడుకుందాం. మీ దృష్టిలో క్లయింట్‌గా ఎవరైనా ఉంటే, పేరు వద్దు, వాళ్ల ఇబ్బంది మాత్రం రాయండి.